మధ్య పలక

జూన్ 3

అమ్మాయికి వదిన రాసేది.

పార్సిలు తర్వాత విప్పు, ముందు ఇది చదువు. అది విప్పాక ఇది చదివే ఓపిక నీకుండదని నాకు తెలుసు.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. మన ఫోను హాల్లో ఉంది. హాలుకూ పనిగదికీ మధ్య అడ్డం ఒక్క కర్టెను. నేను "హలో" అనగానే అవతల పని చప్పుడు ఆగిపోతుంది, మావయ్యగారు చెవులు రిక్కించి కూర్చుంటారు. ఆయన వింటుండగా ఆయన గురించి ఏం మాట్లాడతాం?

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అన్నయ్య బస్సు డిపోలో పెట్టి రావడం, తినడం, పడుకోవడం. చెక్కంటే ఆయనకు కుర్చీ ఒక్కటే తెలుసు, అదీ కూర్చోవడానికి.

అసలు విషయం. కొత్తగా కట్టిన కళ్ళాసుపత్రి డాక్టరుగారు మావయ్యగారి దగ్గరకు వచ్చారు. రోగులు కూర్చునే హాల్లో నిలబెట్టడానికి చెక్కను జాలీలా కోసిన మూడు పలకల తెర కావాలట. మావయ్యగారు బొమ్మ గీశారు. నిలువెత్తు రెల్లు, రెల్లు మధ్య కొంగలు. మూడు పలకలూ పక్కపక్కన నిలబెడితే ఒకటే నీటి ఒడ్డు. టేకు కూడా వచ్చేసింది. సెప్టెంబర్‌లో ఆసుపత్రి తెరుస్తారు.

ఇంకో సంగతి, నవ్వకు. నేను రంపం మిషను మీద కూర్చుంటున్నాను. మావయ్యగారికి ఆర్డర్లు ఎక్కువై తీరిక లేక నన్ను కొయ్యమంటున్నారు. దారమంత బ్లేడు టకటకా కిందికీ పైకీ ఆడుతుంటే మొదట నా గుండె కూడా దాంతోపాటే ఆడింది. ఇప్పుడు బ్లేడు బిగించి ఒక్కసారి మీటితే చాలు, శ్రుతి సరిపోయిందో లేదో చెప్పేస్తాను.

పార్సిల్లో గోడ గడియారం ఉంది, చుట్టూ పిట్టలు. మావయ్యగారు నీకోసం చేశారు.

నాకు నీ సాయం కావాలి. ఈ ఇంట్లో పూత ఎప్పుడూ నీదే. నువ్వు ఉద్యోగానికి వెళ్ళాక అది సరిగ్గా కుదిరిందే లేదు. అవిసె నూనె పెడితే ఒకచోట నల్లగా, ఒకచోట ఎండిపోయినట్టు వస్తోంది. తెర పాడైతే మావయ్యగారి పరువు పోతుంది. ఎలా పెట్టాలో వివరంగా రాయి.

నూనె డబ్బా మూత కూడా తీయకుండా నీ జవాబు కోసం చూసే,
వదిన


జూన్ 11

వదినకు,

గడియారం అందింది. గోడకు తగిలించాను. నడుస్తోంది.

నవ్వకు అన్నావు. నవ్వలేదు. ఆ గదిలో పెరిగాను నేను. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి అక్కడే పడేసేదాన్ని. చెక్కపొట్టు ఊడ్చాను, బ్లేళ్ళు సైజు ప్రకారం సీసాల్లో సర్దాను, గరుకు కాగితం పట్టాను, నూనె పెట్టాను. ఆ మిషను ముందు స్టూలు మీద మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోబోతే నాన్న "లే" అనేవారు. ఎందుకంటే చెప్పేవారు కాదు. పెద్దయ్యాక గట్టిగా అడిగితే "నీకు కుదరదమ్మా" అన్నారు. కుదరదు కాబోలు అనుకుని ఇంతదూరం వచ్చి, పళ్ళ ల్యాబులో ఊరందరికీ కట్టుడు పళ్ళు చేస్తున్నాను.

నువ్వు ఆ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయింది? నీకు కుదిరిందన్నమాట. సంతోషం.

నూనె సంగతి. గుడ్డతో పట్టించు, కాసేపాగి తుడిచెయ్యి, ఆరనివ్వు. అలా మూడుసార్లు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మిషనెక్కిన దానివి, నీకు ఇదో లెక్కా?

ఇట్లు,
మరదలు

తా.క. నాన్న నా గురించి ఏమైనా అన్నారా?


జూన్ 24

మరదలు పిల్లకు,

నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాను. అదృష్టం బాగుండి ముందు ఓ చిన్న ముక్క మీద చేశాను. ఆరాక చెయ్యి పెడితే పిల్లి నాలుకలా ఉంది. కోసిన సందుల్లోంచి నూనె కారి, బొట్లు బొట్లుగా గడ్డకట్టింది. మావయ్యగారు తడిమి చూసి, "అమ్మాయి ముందు తడిగుడ్డతో తుడిచేది, పోగులు లేచాక మళ్ళీ గరుకు కాగితం పట్టేది. సందుల్లో పొడి బ్రష్షు తిప్పేది. నీకు చెప్పలేదా?" అన్నారు.

"చెప్పింది మావయ్యా, నేనే మర్చిపోయాను" అన్నాను.

నీ పరువు నేను కాపాడాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. అర్ధమే కదా అని అర్ధమే చెప్పావా?

నీ గురించి ఏమైనా అన్నారా అని అడిగావు. అనకపోతే కదా! పూత చెడితే "అదే అమ్మాయైతే". వార్నిష్‌లో బుడగ లేస్తే "అదే అమ్మాయైతే". నడుం పడిపోయేలా కోసి తెచ్చి ఆయన చేతిలో పెడతానా, వెలుతురుకు పట్టి చూసి, "దీనికి అమ్మాయి పూత పడితేనా" అంటారు. కోసింది నేను, పేరు నీది. నాకు మాత్రం కడుపు మండదా?

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నీ చెయ్యి స్థిరమమ్మా" అన్నారు. నీకు తెలియాలనే రాస్తున్నాను.

వదిన


జూలై 2

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. నాన్న మీ చెయ్యి మెచ్చుకున్నందుకు అభినందనలు.

నేను కూడా మిషను కొన్నాను. పాతదే. చెక్క బొమ్మల షాపు మూసేస్తూ ఒకాయన అమ్మాడు. గదిలో మంచం జరిపి కిటికీ కింద పెట్టాను. కిందింటావిడ పైకి వచ్చి "కుట్టు మిషనా?" అంది. అవునన్నాను. "ఏం కుడుతున్నావు, గోడలా?" అంది. మొదటివారం బ్లేళ్ళు చిటుక్కు చిటుక్కున విరిగాయి. ఇప్పుడు విరగడం లేదు. రోజంతా పంటి అంచులు అరగదీసే చేతులు నావి. నాకూ కుదురుతోంది, నాన్నకు చెప్పక్కర్లేదు.

మిషనెక్కాక కోత చూడటం వచ్చింది. మీరు పంపిన గడియారం దించి ల్యాబులో భూతద్దం కింద పెట్టాను. అది నాన్న కోసింది కాదు. మలుపు దగ్గర నాన్న బ్లేడు ఆగదు, తిరుగుతుంది. ఇందులో ప్రతి పిట్ట మెడ దగ్గరా ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ బయల్దేరింది. "మావయ్యగారు నీకోసం చేశారు" అని రాశారు మీరు. వెనక నాన్న గుర్తు కూడా ఉంది. ఆయన ఆ గుర్తు ఒక్క గీతలో వేస్తారు. ఇదేమో పాములా మెలికలు తిరిగింది.

కోత మీదైతే మీ గుర్తే వేసుకోండి, ఎవరొద్దన్నారు? ఆయన గుర్తు దొంగిలించడం ఎందుకు? నాకివ్వని స్టూలు మీకు దక్కింది. అది చాల్లేదా?

మరదలు


జూలై 3

వదినా,

నిన్నటి ఉత్తరం పోస్టులో వేసి వచ్చాక గుర్తొచ్చింది. కోపం పక్కనపెట్టి ఇది చదువు.

నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి ఓ మూల పడెయ్యకు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దలో ఆ వేడికి బయటికి దారుండదు. అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. అందుకే నేను వాటిని విప్పి ఒక్కొక్కటే పెరటి గోడ మీద ఆరేసేదాన్ని.

ఫోను చేశాను. అన్నయ్య తీసి, "గుడ్డలకు కూడా అంత పౌరుషమా!" అని నవ్వాడు. వదినకు చెప్పమన్నాను. చెప్పాడో లేదో. నిజం వదినా, ఒట్టు.

మరదలు


జూలై 14

మరదలికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ఒకదాంట్లో నేను దొంగను, ఇంకోదాంట్లో ఇల్లు తగలబెట్టేదాన్ని. ఒకదాంట్లో "మీరు", ఇంకోదాంట్లో "నువ్వు". నేను ఈ గుమ్మంలో అడుగుపెట్టిన నాటినుంచి నువ్వు నన్ను మీరు అనలేదు. తిట్టినా బాధపడేదాన్ని కాదు, ఆ "గారు" చదివి అన్నం మానేశాను.

కావాల్సింది అడిగితే సగం మింగేశావు. అడగనిది ఇప్పుడు చెప్పి భయపెడుతున్నావు. ఏది నమ్మమంటావు? మీ అన్నయ్యనడిగితే, "అది చిన్నప్పట్నుంచీ గరుకు కాగితమే, ఎవరో ఒకర్ని రుద్దకపోతే తోచదు" అన్నారు. నువ్వు గుడ్డలు గోడమీద ఆరేస్తుంటే నీ శుభ్రం పిచ్చి అనుకునేవాళ్ళం. నాకంత తీరిక లేదమ్మా. వంట నాదే, కోతా నాదే, ఇప్పుడు పూతా నాదే.

దొంగగుర్తు సంగతికొస్తే, జవాబు నా దగ్గరుంది. చెప్పను. మాటిచ్చాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటోంది అనుకుంటావు. అనుకో.

పక్క పలకలు రెండూ పూర్తయ్యాయి. మధ్య పలకకు నూనె పెడుతున్నాను. ఇన్నాళ్ళకు నేను కోసినవాటిలో చూసుకుని మురిసిపోయేది అదొక్కటే. తడిగుడ్డ, పొడి బ్రష్షు అన్నీ చేస్తున్నాను, నువ్వు చెప్పకపోయినా.

వదిన


జూలై 27

అమ్మాయికి,

మావయ్యగారికి ఏమీ కాలేదని మీ అన్నయ్య ఫోనులో చెప్పింది నిజమే. ఆయన చెప్పనివి నేను రాస్తున్నాను.

మంగళవారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. కాలిన వాసనొస్తే ఏదో మాడిందనుకుని వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి ఆర్పేసే ఉంది. పొగ పనిగదిలోంచి వస్తోంది. బల్లకింద నేను గుడ్డలు పడేసే రేకుడబ్బాలోంచి మంట బల్ల దాకా లేచింది. బల్ల మీద మధ్య పలక. అగ్గిపుల్ల లేదు, స్విచ్చు లేదు. నువ్వు చెప్పినట్టే.

మావయ్యగారు పలక కోసం లోపలికి వెళ్ళారు. నేను చొక్కా పట్టుకుని లాగితే జేబు చిరిగి నా చేతికొచ్చింది, ఆయన రాలేదు. మీ అన్నయ్య వచ్చి మమ్మల్నిద్దర్నీ బయటికి నెట్టి, బకెట్లతో నీళ్ళు పోశారు. పలక సగం బొగ్గు. మిషను వైర్లు కరిగి మోటారు పోయింది. పక్క పలకలు హాల్లో ఉండబట్టి బతికాయి. బొమ్మ నకలు బీరువాలో ఉంది.

నువ్వు చెప్పావు, నేను నమ్మలేదు. మొదటిది నువ్వు పూర్తిగా చెప్పివుంటే రెండోది నమ్మేదాన్ని. ఇందులో ఎవరి పాలెంతో తేల్చే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు ఇచ్చిన మాట తప్పుతున్నాను. మావయ్యగారి కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన చలికాలంలో మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాయి. మందులు వాడుతున్నారు. ప్రాణానికి భయం లేదన్నారు కానీ రంపం ఇక పట్టకూడదన్నారు. నేను స్టూలెక్కింది అందుకు. ఆర్డర్లెక్కువై కాదు. నీ గడియారం నేనే కోశాను. "అమ్మాయి బెంగపడుతుంది, నేనే చేశానని రాయి" అన్నారు. గుర్తు మాత్రం ఆయనే వేశారు. నేను చెక్క కదలకుండా పట్టుకున్నాను. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వేశారు. అందుకే పాములా వచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన పనిగదిలో కాలు పెట్టలేదు. హాల్లో కర్టెను వైపు వీపు పెట్టి కూర్చుంటున్నారు. డాక్టరుగారికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

నీ దగ్గర మిషనుందని రాశావు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పొద్దుటి నుంచి పట్టింది.

వదిన


ఆగస్టు 2

వదినా,

ఉత్తరం ల్యాబులో చదివాను. అక్కడ ఏడిస్తే అందరూ పళ్ళు వదిలేసి నా చుట్టూ చేరతారు. అందుకని బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను.

మొదట ఏమనిపించిందో రాస్తాను, తిట్టుకో. నాన్న చెయ్యి వణుకుతోందని చదవగానే ముందొచ్చింది బాధ కాదు. "నాకు చెప్పలేదు, వదినకు చెప్పారు" అనిపించింది. ఆ వణుకు కూడా నాకంటే ముందు నువ్వే చూశావు. దానికి కూడా కుళ్ళుకున్నాను. బాధ తర్వాత వచ్చింది. వచ్చి ఇంకా ఇక్కడే ఉంది.

గుర్తు గురించి నేనన్న మాట నోరు దాటిపోయింది, వెనక్కి లాక్కోలేను. నువ్వు కొట్టినా పడతాను.

కొత్త టేకు పలక పంపు, బొమ్మ పంపు. నేను కోస్తాను. ఒక్కటే షరతు: నాన్నకు చెప్పకు. తెలిస్తే ఆర్డరైనా వదులుకుంటారు గానీ నన్ను కొయ్యనివ్వరు. మిషను అద్దెకు తీసుకుని నువ్వే కోశానని చెప్పు.

పూత నువ్వే పెట్టు, మూడూ ఒకే రంగులో ఉండాలి. ఈసారి మొత్తం రాస్తున్నాను. తడిగుడ్డ తర్వాత ఒక పూటంతా ఆరనిచ్చి, పోగుల్ని సన్న గరుకు కాగితంతో తేలిగ్గా తీసెయ్యి. నొక్కి రుద్దితే రెల్లు విరుగుతుంది. మొదటి పూతకు నూనె పల్చన చెయ్యి, చెక్క ఎక్కడ ఎక్కువ తాగుతుందో అప్పుడు తెలుస్తుంది. పలకను పడుకోబెట్టకు, నిలబెట్టి ఆరబెట్టు, గంటకోసారి తలకిందులు చెయ్యి. సందుల్లోకి పొడి బ్రష్షు నువ్వు చేస్తున్నదే. ముసురు పట్టిన రోజు డబ్బా ముట్టుకోవద్దు. చివరి పూత ఆరాక చొక్కా గుడ్డతో మెరుగు పెట్టు, కొత్తది కాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డది. వాడిన గుడ్డలు వెంటనే నీళ్ళ బకెట్లో వెయ్యి. ఇంకేమీ దాచలేదు.

మరదలు


ఆగస్టు 8

అమ్మాయికి,

మీ అన్నయ్య స్నేహితుడి బస్సులో పలక పంపుతున్నాను, బొమ్మ చుట్టి లోపల పెట్టాను. నిజం చెప్పాలంటే ఈ కట్ట రెండుసార్లు కట్టి రెండుసార్లు విప్పాను. తెర దగ్గర నిలబడ్డవాళ్ళ కన్ను ముందు మధ్యలోకే పోతుంది. నావి పక్కవి, నీది మధ్యది. తెలిసే పంపుతున్నాను.

బొమ్మ అతికించేటప్పుడు కిందివైపు కూడా టేపు వెయ్యి, చెక్క చిట్లదు. లోపలి సందులన్నీ అయ్యాకే బయటి అంచుకు రా. మధ్య కొంగ ఒంటికాలి మీద నిలబడుతుంది. ఆ కాలు అన్నిటికంటే చివర్న కొయ్యి. ముందే కోశావంటే మిగతాది కోసేలోపు ఊగి ఊగి విరుగుతుంది. నేను మొదటిసారి అలాగే విరగ్గొట్టాను, ఎవరికీ చెప్పలేదు.

చూశావా, నేను సగం చెప్పి ఊరుకోలేదు.

వదిన


ఆగస్టు 25

వదినా,

పలక బస్సెక్కింది. దుప్పట్లో చుట్టాను, దుప్పటి తిరిగి పంపు, చలికాలం వస్తోంది.

కొంగ కాలు నువ్వు చెప్పినట్టే చివర్న కోశాను, నిలబడింది. ఎడమవైపు ఒక రెల్లు ఆకు విరిగితే జిగురుతో అతికించాను. ఎక్కడో చెప్పను, కనుక్కో. కొంగ మెడ మలుపు దగ్గర నేనూ ఆగాను వదినా. ఆగి ఊపిరి పీల్చుకున్నాను. నీ పిట్టలను అన్నేసి మాటలన్నదాన్ని.

కిందింటావిడ మెట్లెక్కి వచ్చి, "నువ్వు కుట్టేది బట్టలు కావని నాకు మొదటిరోజే తెలుసు" అంది. పలకను కిటికీకి ఆనించి చాలాసేపు చూసింది. "ఈ పక్షి ఎవరికోసం చూస్తోంది?" అని అడిగింది. "వాళ్ళ నాన్న కోసం" అనబోయి, "చేప కోసం" అన్నాను.

పూత జాగ్రత్త. ఇప్పుడు దానిమీద నీకు ఎంత హక్కుందో నాకూ అంతే ఉంది.

మరదలు


సెప్టెంబర్ 9

అమ్మాయికి,

మొన్న తెర నిలబెట్టారు. జరిగిందంతా రాస్తాను, అడ్డు రాకు.

పూత బాగా కుదిరింది. నువ్వు చెప్పింది ఒక్కటీ వదల్లేదు. మావయ్యగారు మాత్రం పనిగదిలోకి రాలేదు. తెరను మొదటిసారి ఆసుపత్రిలోనే చూశారు. హాల్లో పొద్దుటి ఎండ వెనకనుంచి పడుతోంది. రెల్లు నీడలు నేలమీద, కుర్చీలమీద, అందరి చొక్కాలమీద. ఆయన దగ్గరగా వెళ్ళి మొదటి పలక తడిమారు, మూడోది తడిమారు. మధ్యదాని మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచేశారు. వణుకుతూనే ఉంది చెయ్యి.

"అది కాలిపోయిందే మంచిదైంది కోడలా" అన్నారు. "అది జాగ్రత్తగా కోశావు. ఇది ఇష్టంతో కోశావు."

ఇన్నాళ్ళుగా ఆ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో నీకు తెలుసు. వచ్చింది, వచ్చి నాది కాకుండా పోయింది. నేను మురిసిపోయిన పలక బొగ్గయితే మంచిదైందట. డాక్టరుగారు అందరికీ నన్ను చూపించి చప్పట్లు కొట్టారు. నర్సులు వచ్చి చుట్టూ చేరారు. నేను నవ్వాను. చెప్పొద్దన్న షరతు అమ్మాయిదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నన్ను దొంగన్నావే, అప్పుడు కాదు, మొన్న అయ్యాను.

నిన్న పొద్దున్న కాఫీ ఇస్తూ చెప్పేశాను. "మధ్య పలక అమ్మాయి కోసింది మావయ్యా. అక్కడే, సొంత మిషను మీద."

ఆయన గ్లాసు కింద పెట్టారు. కోప్పడతారేమో, సంతోషిస్తారేమో అని చూస్తున్నాను. ఆయన అడిగింది ఇది.

"దానికి వేళ్ళన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి మావయ్యా."

"నువ్వు చూశావా?"

"ఉత్తరాలు రాస్తోంది కదా!"

"ఉత్తరానికి మూడు వేళ్ళు చాలు."

అప్పుడు చెప్పారు. నువ్వు నడక నేర్చిన కొత్తలో, మెరుస్తోందని, ఆడుతున్న బ్లేడు మీదికి చెయ్యి చాపావట. ఆయన చూసి లాగేసరికి జానెడు దూరం. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి పని ముగించి వచ్చాక, నువ్వు నిద్రపోతుంటే పక్కన కూర్చుని నీ వేళ్ళు లెక్కపెట్టుకునేవారట. పెద్దదానివయ్యాక కూతురి చెయ్యి పట్టుకుని లెక్కపెడితే బాగుండదని, "నీకు కుదరదమ్మా" అనేశారట. నీకు కుదరకపోవడం కాదు, ఆయనకు కుదరలేదు.

విని లోపలికొచ్చేశాను. ఏడుపొచ్చింది. నీకోసం అనుకోకు. ఆ మిషను మీద ఇన్ని నెలలు కూర్చున్నాను. ఆ బ్లేడు నా గోరు పక్కనుంచి ఎన్నిసార్లు పోయిందో! నా వేళ్ళు ఉన్నాయో ఊడాయో ఆయన ఒక్కరోజు అడిగారా? నాకేమో "చెయ్యి స్థిరం", నీకేమో వేళ్ళ లెక్క. రెంటిలో ఏది బరువో తెలియనంత వెర్రిదాన్ని కాను. స్టూలు దక్కలేదని నామీద పడి ఏడ్చావు. నీకు దక్కింది నాకు ఈ జన్మకు దక్కదు. ఇన్నాళ్ళూ నువ్వేడ్చావు, నేను చదివాను. ఇప్పుడు నేను ఏడుస్తాను, నువ్వు చదువు.

వదిన


సెప్టెంబర్ 17

వదినా,

చదివాను. మళ్ళీ చదివాను. కిందింటావిడకు కూడా చదివి వినిపించాను. ఆవిడ ముక్కు చీదుకుని, "మీ వదిన చెప్పింది న్యాయం" అంది. నా ఇంట్లో కూడా నీదే పైచేయి.

దీంతోపాటు ఒక పెద్ద కాగితం మడిచి పెట్టాను. నా రెండు చేతులూ దాని మీద ఆనించి, ఆవిడ చేత పెన్సిలుతో చుట్టూ గీయించాను. నాన్నకివ్వు, తీరిగ్గా లెక్కపెట్టుకోమను. కుడిచేతి చిటికెనవేలు వంకరగా ఉంటే భయపడొద్దని చెప్పు. ఆవిడ పెన్సిలుకు నాకు చక్కిలిగింత పుట్టింది, వేలు బాగానే ఉంది.

కాగితంలో కిందిసగం ఖాళీగా వదిలాను, చూశావా? అది నీది. ఇచ్చేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చో. నీ చేతులు అక్కడ పెట్టి పెన్సిలు ఆయనకివ్వు. చెయ్యి వణుకుతోందంటారు. వణకనీ. గీత ఎన్ని వంకరలైనా పోనీ. "నావి కూడా గీయండి మావయ్యా" అని మొండికెయ్యి. ఒక్కో వేలి చుట్టూ తిరిగి రాకుండా చెయ్యి గీయడం ఎవరికీ కుదరదు.

నావి కిందింటావిడ గీసింది. నీవి నాన్న గీస్తారు. అందుకని ఆ కాగితం మాత్రం నాకు పంపకు వదినా. చూశానంటే మళ్ళీ కుళ్ళుకుంటాను.

మరదలు